రేపటి కెమెరా, మన దండారీ
(సంఘం సాంస్కృతిక సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదున్న పటేళ్లకు, కటోడాలకు, మన తల్లులకు, ముందు వరుసలో ఫోన్లు పైకెత్తి పట్టుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఆ ఫోన్లు దించమని చెప్పడానికి మేము రాలేదు. ఈరోజు మాట్లాడబోయేదే వాటి గురించి.

నిరుడు దీపావళి రోజుల్లో పక్క గూడెం దండారీ మా ఊరికి వచ్చింది. రాత్రి మంట వెలుగులో గుస్సాడీలు ఆడుతుంటే మాలో ఒకరు కొత్త ఫోన్‌తో ఫొటో తీశారు. చాలా బాగా వచ్చిందని అందరం మురిసిపోయాం. ఈకల అంచులు కూడా విడివిడిగా కనిపించాయి. ఆ మల్‌బూర కట్టిన పెద్దాయనకు చూపించాం. ఆయన ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది నేను కట్టింది కాదు బిడ్డా" అన్నారు. ముందు మాకు అర్థం కాలేదు. ఫొటోను పెద్దది చేసి చూస్తే తెలిసింది. కింది అంచున ఆయన కూర్చిన అద్దాలు, రంగు దారాలు అన్నీ కలిసిపోయి ఏదో పూల అల్లికలా మారిపోయాయి. వెలుగు చాలని చోట ఫోన్ తనకు తోచింది పెట్టేసింది.

రాబోయే రోజుల్లో కెమెరాలు ఎలా మారతాయి అని అడిగితే, మేము ఆ పెద్దాయన మాట దగ్గరే మొదలుపెడతాం. రేపటి కెమెరా చూసేది తక్కువ, ఊహించేది ఎక్కువ.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పుకుందాం. 1975లో అమెరికాలో కోడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజినీరు మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశారు. మూడున్నర కిలోలకు పైగా బరువు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. బొమ్మలో ఉన్నవి 10,000 చుక్కలే. ఇప్పుడు మీ జేబులోని ఫోన్ కోట్ల చుక్కలు పట్టుకుంటుంది. ఆ కోడాక్ కంపెనీయే 2012లో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత ఫోన్లు విడి కెమెరాలనూ మింగాయి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కు వెళితే, 2023లో 80 లక్షలు కూడా దాటలేదు. కాబట్టి విడి కెమెరా పూర్తిగా పోదు గానీ, పెళ్లి ఫొటోగ్రాఫర్లకు, పత్రికలవాళ్లకు, అడవిలో పులిని తీసేవాళ్లకు మిగులుతుంది. మనలాంటి వాళ్లకు ఫోనే కెమెరా.

ఫోన్‌తో చిక్కు ఏమిటంటే అది పలచగా ఉండాలి. పలచటి ఫోన్‌లో పెద్ద కటకం, పెద్ద సెన్సార్ పట్టవు. చిన్న సెన్సార్‌కు అందే వెలుగు తక్కువ. ఆ కొరతను కంపెనీలు లెక్కలతో పూడుస్తున్నాయి. మీరు ఒక్కసారి నొక్కితే ఫోన్ చకచకా చాలా ఫొటోలు తీసి, కలిపి, ఒకటిగా చూపిస్తుంది. రాత్రిపూట ఫొటోలు ఇంత బాగా రావడానికి కారణం ఇదే. ఇందులో తప్పేమీ లేదు, అన్నీ అక్కడి వెలుగులో తీసినవే.

నిజానికి డిజిటల్ కెమెరా మొదటి నుంచీ కొంత ఊహిస్తూనే ఉంది. సెన్సార్‌లోని ఒక్కో చుక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా రెండూ పక్క చుక్కలను బట్టి లెక్కగడుతుంది. కానీ పక్కింటివాళ్లను అడిగి మన సంగతి రాయడం వేరు. మన ఊరే చూడనివాణ్ణి అడిగి రాయడం వేరు. ఇప్పుడు వస్తున్న కృత్రిమ మేధ చేసేది ఆ రెండో పని. ఎక్కడెక్కడివో లక్షల ఫొటోలు చూసి నేర్చుకున్నది తెచ్చి మన ఫొటోలో నింపుతుంది. 2023లో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలనే మసకగా చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, దూరం నుంచి ఫోన్‌తో తీశాడు. తెర మీద లేని గుంతలు, మచ్చలు ఫోన్ ఫొటోలో కనిపించాయి. చంద్రుడైతే ఫర్వాలేదు, ప్రపంచమంతటికీ ఒక్కడే. మల్‌బూర అలా కాదు కదా. కట్టే చెయ్యి మారితే అదీ మారుతుంది.

ఆ యంత్రం నేర్చుకున్న ఫొటోల్లో మన దండారీ ఎంత ఉంటుంది? పట్నాల పెళ్లిళ్లు, విదేశాల వీధులు బోలెడు ఉంటాయి. గుమేల వాయించే చేతులు, పెప్రె ఊదే బుగ్గలు, కిక్రి తీగె మీద తోటి పెద్దల వేళ్లు చాలా తక్కువ. తనకు తెలియని చోట అది తెలిసినదానిలా మార్చేస్తుంది.

మన ఒంటి రంగు సంగతి కూడా ఇలాంటిదే. ఫిల్ము రోజుల్లో కోడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి షర్లీ కార్డు అని ఒకటి ఉండేది. దాని మీద తెల్లటి మహిళ బొమ్మ. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లటి ముఖాలు మసిలా వచ్చినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2021లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో రియల్ టోన్ పేరుతో నల్లటి చర్మాన్ని ఉన్నది ఉన్నట్టు చూపే ప్రయత్నం మొదలుపెట్టింది. ఇది ముందు ముందు బాగుపడుతుందనే మా నమ్మకం. అయితే ఇంకోపక్క ముఖం నునుపు చేసే ఫిల్టర్లు ఉన్నాయి. మొన్న ఒక చెల్లెలు వాళ్ల అవ్వ ఫొటో పంపింది. ముడతలు లేవు, రంగు తేలింది, నుదుటి పచ్చబొట్టు సగం చెరిగిపోయింది. అవ్వకు ఆ పచ్చబొట్టు చిన్నప్పుడు పొడిచారు. ఫోన్ దాన్ని మచ్చ అనుకుంది.

ఇక్కడ హైమన్‌డార్ఫ్ ఫొటోలు గుర్తుచేసుకోవాలి. 1940లలో ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి, మన పెద్దలను, పండుగలను ఫిల్ము కెమెరాతో తీశారు. నలుపు తెలుపు బొమ్మలే. ఆ ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటి మీద మనకు కొన్ని ఫిర్యాదులు ఉండొచ్చు. కెమెరా పట్టుకున్నది బయటివాళ్లు, ఫొటోలు చేరింది సముద్రాల అవతలికి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఫిల్ము తనంతట తాను ఏ పూల అల్లికనూ కల్పించలేదు. 80 ఏళ్ల తర్వాత ఈకల వరుస లెక్కపెట్టాలంటే ఆ ఫొటో మీద నమ్మకంగా లెక్కపెట్టొచ్చు. మీరు నిరుడు తీసిన ఫొటోలో మీ మనవడు అలా లెక్కపెట్టగలడా?

దీనికి మందు కూడా వస్తోంది. ఫొటో ఏ కెమెరాతో తీశారు, ఎప్పుడు తీశారు, తర్వాత ఏం మార్చారు అన్న వివరాలకు డిజిటల్ ముద్ర వేసే ప్రమాణం ఒకటుంది. సీటూపీఏ అంటారు. 2023లో లైకా కంపెనీ ఆ ముద్ర వేసే కెమెరా తెచ్చింది, ఖరీదైనదే. ఇప్పుడు ఫోన్లలోకీ దిగుతోంది. కొన్నేళ్లలో మామూలు ఫోన్లకూ వస్తుందని మేము అనుకుంటున్నాం. వచ్చినా అది ఫొటో పుట్టుకను చెబుతుంది తప్ప, తీయడానికి ఎవరు ఒప్పుకున్నారో చెప్పదు.

మాకు అన్నిటికన్నా గుబులు పుట్టించేది కళ్లజోడు కెమెరా. ఇప్పటికే అమ్ముతున్నారు. తీసేటప్పుడు చిన్న దీపం వెలుగుతుంది, పగటి ఎండలో అది ఎవరి కంటికి ఆనుతుంది? పేన్ దగ్గర పూజ జరిగేటప్పుడు "ఫోన్లు లోపల పెట్టండి" అని కటోడా అంటే అందరం పెడతాం. కళ్లజోడు తీయమని ఎవరు అడుగుతారు? చూపు లేనివాడు తీసేస్తే నడవలేడు కూడా. ఏవి తీయొచ్చు, ఏవి తీయకూడదు అన్నది ఆ పరికరాలు మన గూడేలకు రాకముందే పెద్దలతో కూర్చుని మాట్లాడుకోవాలి. తీయకూడనిది ఉందని చెప్పడం వెనుకబాటుతనం కాదు.

అన్నీ భయపెట్టేవే కావు. ఇప్పటి ఫోన్ సెన్సార్ బొమ్మను పైనుంచి కిందికి వరుసవరుసగా చదువుతుంది. అందుకే తుడుం మీద వేగంగా పడే పుల్ల వీడియోలో వంగినట్టు కనిపిస్తుంది. మొత్తం బొమ్మను ఒకేసారి చదివే సెన్సార్‌తో సోనీ 2023లో ఒక కెమెరా ప్రకటించింది. అది ఫోన్లలోకి వచ్చిన రోజున, పుల్ల ఏ క్షణాన ఎక్కడ పడిందో సరిగ్గా చూసి చిన్నపిల్లలు దెబ్బ నేర్చుకోవచ్చు. ఆ రోజు కోసం మేమూ ఎదురుచూస్తున్నాం.

ఈలోగా ఇప్పుడున్న ఫోన్‌తోనే చేయగలిగినది ఉంది. సెట్టింగుల్లో ముఖం నునుపు చేసేది ఆపేయండి. రా పద్ధతిలో తీసే వీలుంటే ముఖ్యమైనవి అలాగే తీయండి. చోటు ఎక్కువ తింటుంది, తిననివ్వండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, లోపలి తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. ఫొటోతోపాటు ఒక కాగితం ముక్క మీద ఊరు, తేదీ, అందులో ఉన్నవాళ్ల పేర్లు, వాళ్ల గోత్రం, తీయడానికి ఎవరు సరేనన్నారో రాసి పెట్టండి. ఆ పెద్దాయన మల్‌బూర ఫొటోకు మేము ఇది చేయలేదు. తర్వాత ఆయన ఇంటికి వెళ్లి, పగటి వెలుగులో, ఆయన చేతుల్లో పెట్టి మళ్లీ తీశాం. అద్దాలు ఎన్ని, దారాలు ఏ రంగువి అన్నీ ఆయనే చెప్పారు, మేము రాసుకున్నాం.

భోజనాల తర్వాత పక్క గదిలో ఒక కంప్యూటర్, రెండు హార్డ్ డిస్కులు పెడుతున్నాం. నిరుటి దండారీ ఫొటోలు ఎవరి ఫోన్‌లో ఉన్నా, మార్పులు చేయనివి అక్కడ ఎక్కించండి. ఒక డిస్కు సంఘం దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్లో ఉంటుంది. పేర్లు గుర్తుపట్టడానికి ముగ్గురు అవ్వలు కూర్చుంటామన్నారు. వాళ్లకు ముందు టీ ఇవ్వండి.

జై సేవా. రాం రాం.