టెక్యన్: ఎదుటివాణ్ణి కాపాడే బలం



జీవితమంతా పిల్లలకు వ్యాయామం నేర్పిన ఒక ఉపాధ్యాయుని స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసమిది. ఒంట్లో సత్తువతోపాటు మనిషిలో మర్యాదా పెరగాలని ఆయన నమ్మారు. ఆ నమ్మకాన్నే ఆటగా ఆడిన కొరియా వారి టెక్యన్ గురించి నాలుగు మాటలు చెప్పి ఆయనకు నివాళి అర్పిస్తాను.

కొరియా యుద్ధవిద్య అనగానే మనకు గుర్తొచ్చేది తైక్వాండో. దానికి ఇప్పటి రూపం వచ్చింది 1950ల తర్వాతే. దాన్ని తీర్చిదిద్దిన తొలితరం గురువుల్లో చాలామంది కరాటే నేర్చినవారు. టెక్యన్ అంతకన్నా పాతది. 19వ శతాబ్దపు చిత్రకారుడు యూ సుక్ గీసినదిగా చెప్పే ఒక చిత్రంలో జనం చుట్టూ మూగి ఉంటారు. నడుమ ఒక జంట కుస్తీ పడుతుంటే మరో జంట టెక్యన్ ఆడుతుంటుంది.

తెలియనివారికి అది నాట్యంలా కనిపిస్తుంది. ఆటగాడు మోకాళ్లు వంచుతూ, ఒళ్లు ఊపుతూ, మూడు అడుగుల లయలో ముందుకూ వెనక్కూ కదులుతాడు. మధ్యమధ్య గట్టిగా అరుస్తాడు. ఆ ఊగిసలాటలోంచే ఉన్నట్టుండి కాలు లేస్తుంది. ప్రత్యర్థిని కాలితో పడగొట్టినా, ముఖానికి కాలు తగిలించినా గెలుపే.

ఈ విద్య తత్వమంతా ఆట నియమాల్లో ఉంది. ఆటగాడు ఒక కాలిని ఎప్పుడూ ఎదుటివాడికి అందేంత దూరంలో ముందుకు పెట్టి ఉంచాలి. దూరంగా దాక్కుని అదను చూసి కొట్టడం కుదరదు. నేను నిన్ను కొట్టాలంటే నీకు కూడా నన్ను కొట్టే వీలివ్వాలి. ఇంకో నియమం: ఒంటిమీద తన్నేటప్పుడు దెబ్బ తగిలేలా కాకుండా, నెట్టినట్టు తన్నాలి. ఎముక విరిచే దెబ్బలు వారికి తెలియక కాదు. ప్రాణాపాయం కలిగించే పాత పట్లు కూడా ఆ సంప్రదాయంలో ఉన్నాయి. వాటిని ఆట బయటే ఉంచారు. చేతకానివాడి మెత్తదనానికీ, చేతనైనవాడి నిగ్రహానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

జపాను వలసపాలనలో ఈ ఆట దాదాపు కనుమరుగైంది. 1893లో పుట్టిన సోంగ్ దొక్-గి యవ్వనంలో నేర్చినదాన్ని ముసలితనం దాకా నిలుపుకున్నారు. చుంగ్జుకు చెందిన షిన్ హన్-సుంగ్ ఆ విద్యను ఒక పద్ధతిలో కూర్చారు. 1983లో ప్రభుత్వం దాన్ని జాతి సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 1987లో ఇద్దరూ కన్నుమూశారు. గుర్తింపుకూ వారి మరణానికీ మధ్య నాలుగేళ్లే. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మిగిలేది బొమ్మలే. 2011లో యునెస్కో టెక్యన్‌ను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

నిగ్రహం గురించి పిల్లలకు మనం చాలా చెబుతాం. ఆ తర్వాత ఎలాగైనా నెగ్గుకు రమ్మని బరిలోకి పంపుతాం. పిల్లలు మన మాటలకన్నా మనం పెట్టిన నియమాల నుంచే ఎక్కువ నేర్చుకుంటారు. కబడ్డీ కానివ్వండి, కుస్తీ కానివ్వండి, తైక్వాండో కానివ్వండి, నేర్పే ప్రతి గురువూ ఒక ప్రశ్న వేసుకోవాలి: నా బరిలో ఎదుటివాడి క్షేమం గెలిచేవాడి బాధ్యతేనా? అవునని చెప్పగలిగే చోట మర్యాదను వేరే పాఠంగా నేర్పనక్కర్లేదు. టెక్యన్ ఆడినవారు దాన్ని కాళ్లతోనే నేర్చుకున్నారు.