జిల్లా లెక్క గడప దగ్గరే తేలుతుంది

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల మసీదు కమిటీ బాధ్యులు, మహిళా కార్యకర్తలు, విద్యార్థులు పాల్గొన్న సమావేశంలో ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మమ్మల్ని మాట్లాడమని కోరిన విషయం జనాభా లెక్కలు. ప్రభుత్వం ప్రకటించిన ప్రకారం 2026 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య ఇండ్ల జాబితా, 2027 ఫిబ్రవరిలో జనగణన జరగవలసి ఉన్నాయి. 2011 తర్వాత ఇదే మొదటి జనగణన. అన్ని కులాల వివరాలు నమోదు చేయడం 1931 తర్వాత ఇదే మొదటిసారి. ఇప్పుడు వ్రాసిన అంకె పదేళ్ళపాటు, బహుశా అంతకంటే ఎక్కువకాలం, మన పిల్లల తలరాతలో భాగమవుతుంది.

మేము సర్కారు దఫ్తరులో గుమాస్తాగిరీ చేసినవాళ్ళం. 1991, 2001, 2011 మూడు జనగణనల కాగితాలు మా చేతుల మీదుగా నడిచాయి. ఆ అనుభవంతో చెప్పదలచుకున్నది ఒక్కటే. మనవాళ్ళు ప్రతిసారీ చివర వచ్చే శాతం గురించి వాదిస్తారు. మొదట నింపే గడి గురించి ఎవరూ పట్టించుకోరు. శాతం ఢిల్లీలో ప్రకటిస్తారు కాని, అది పుట్టేది మన గడప దగ్గర.

అత్రాఫె బల్దా నుండి రంగారెడ్డి దాకా

మనం కూర్చున్న ఈ ప్రాంతం చరిత్రే లెక్కల పాఠం. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న పల్లెలు అత్రాఫె బల్దా జిల్లా, అంటే నగర పరిసరాల జిల్లా. అది సర్ఫెఖాస్, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన భూభాగం. 1948 తర్వాత అది హైదరాబాద్ జిల్లాలో కలిసింది. 1978 ఆగస్టు 15న నగరాన్ని విడదీసి, మిగిలిన పల్లె ప్రాంతాన్ని హైదరాబాద్ గ్రామీణ జిల్లాగా ఏర్పాటు చేశారు. దానికే తర్వాత కె.వి. రంగారెడ్డి గారి పేరు పెట్టారు. గ్రామీణ జిల్లాగా పుట్టిన ఆ జిల్లాలో 2011 నాటికి 70 శాతం జనం పట్టణవాసులే. 2001లో 35 లక్షల 75 వేలు ఉన్న జనాభా పదేళ్ళలో 52 లక్షల 96 వేలకు చేరింది. 48 శాతం పెరుగుదల. పక్కనున్న హైదరాబాద్ జిల్లా అదే కాలంలో మూడు శాతమైనా పెరగలేదు.

ఆ పెరుగుదల ఎక్కడిది? నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి బస్సెక్కి వచ్చి ఇక్కడ దిగినవారిది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళు, ఎల్.బి. నగర్ కాలనీలు, సరూర్‌నగర్ బస్తీలు వాళ్ళతోనే నిండాయి. గడ్డిఅన్నారం, ఎల్.బి. నగర్ పురపాలక సంఘాలు 2007 ఏప్రిల్‌లో మహానగర పాలక సంస్థలో కలిసిపోయాయి. 2016 అక్టోబరులో జిల్లా మూడు ముక్కలైంది. ఎల్లలు ఇలా మారుతుంటే పాత అంకెను కొత్త అంకెతో పోల్చేముందు అది ఏ హద్దుల లెక్కో చూసుకోవాలి. చూసుకోకపోతే ఏమవుతుందో కాసేపట్లో మనవి చేస్తాము.

అంకె ఎలా ప్రయాణిస్తుంది

2011లో ఒక్కొక్క గణకునికి సుమారు 125 కుటుంబాలున్న ఒక బ్లాకు అప్పగించారు. గణకులలో ఎక్కువమంది బడిపంతుళ్ళే. ఆరుగురు గణకులకు ఒక పర్యవేక్షకుడు. పల్లెల్లో తహసీల్దారు, పట్టణంలో మునిసిపల్ కమిషనర్ చార్జి అధికారి. పైన జిల్లా కలెక్టరు. గణకుడు తన బ్లాకు మొత్తాలను ఒక సంక్షిప్త పత్రంలో వ్రాసి ఇస్తాడు. వాటిని చార్జీల వారీగా కూడి, జిల్లా మొత్తం తేల్చడం మావంటి గుమాస్తాల పని. అప్పట్లో రంగారెడ్డికి 37 మండలాలు. రెవెన్యూ గ్రామాల జాబితాను, గణన జాబితాను పక్కపక్కన పెట్టుకుని ఒక్క ఊరు జారిపోకుండా టిక్కులు పెట్టేవాళ్ళం. ఆ జాబితాలో జనం లేని ఊరికి ఒక మాట ఉంది: బేచిరాగ్. దీపం వెలగని ఊరని అర్థం. మన ఉర్దూ మాటే రెవెన్యూ దఫ్తరులో ఇప్పటికీ బతికి ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. జిల్లా దఫ్తరులో కూడికలు సరిచూడవచ్చు. ఊరు తప్పిపోతే వెతకవచ్చు. మగవారు, ఆడవారు కలిపితే మొత్తం రాకపోతే పత్రం తిప్పి పంపవచ్చు. కాని గణకుడు ఇంటి దగ్గర భాష గడిలో ఉర్దూకు బదులు తెలుగు అని వ్రాస్తే, బీడీలు చుట్టే తల్లిని ‘పని చేయదు’ అని వ్రాస్తే, కూడిక తప్పదు. పత్రం శుభ్రంగా కనిపిస్తుంది. ఆ తప్పును పట్టుకోగల గుమాస్తా ఏ దఫ్తరులోనూ ఉండడు. దాన్ని పట్టుకోగలిగేది ఆ ఇంటివారొక్కరే.

సగటు చాటున దాగినవారు

2011 లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లాలో ముస్లింలు 43 శాతానికి పైగా, రంగారెడ్డి జిల్లాలో 12 శాతానికి కాస్త తక్కువ. అయితే ఈ రెండవ అంకె ఎవరిది? జల్‌పల్లి, పహాడీషరీఫ్ వంటి చోట్ల మనవాళ్ళు దట్టంగా ఉన్నారు. మంచాల, యాచారం వంటి పల్లె మండలాల్లో ఊరికి పదో పదిహేనో ఇండ్లుగా చెదిరి ఉన్నారు. రెండింటినీ కలిపి తీసిన సగటు ఇద్దరిలో ఎవరి బతుకునూ చెప్పదు.

దీని ఫలితం కాగితం మీదే ఆగదు. 2008లో కేంద్ర ప్రభుత్వం 2001 జనాభా లెక్కల ఆధారంగా దేశంలో 90 జిల్లాలను మైనారిటీలు అధికంగా ఉన్న జిల్లాలుగా గుర్తించి, వాటిలో బడులు, వసతి గృహాలు, ఆరోగ్య కేంద్రాలకు ప్రత్యేక నిధులిచ్చింది. జిల్లాను యూనిట్‌గా తీసుకున్న ఆ జాబితాలో రంగారెడ్డి లేదు. జిల్లా సగటు తక్కువైతే, లోపల ఎంత వెనుకబడిన బస్తీ ఉన్నా దారి మూసుకుపోతుంది. ఈ లోపాన్ని గుర్తించాకే 2013 నుండి బ్లాకులను, పట్టణాలను యూనిట్లుగా తీసుకున్నారు.

మరొక సంగతి. గ్రామాల వారీ ప్రాథమిక గణన పట్టికలో షెడ్యూల్డు కులాలకు, తెగలకు వేరే గడులున్నాయి; మతానికి గడి లేదు. మతాల లెక్క మండలం, పట్టణం స్థాయి దాకానే అచ్చవుతుంది. అందువల్ల ఒక ఊరి దళితవాడలో ఎంతమంది ఉన్నారో జిల్లా అధికారి పట్టిక చూసి చెప్పగలడు. అదే ఊరి దూదేకుల ఇండ్లలో ఎంతమంది ఉన్నారో చెప్పలేడు. ఊరు బేచిరాగ్ కాదు, ఇండ్లలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పట్టికలో మాత్రం చీకటి. ఈ చీకటిని తొలగించమని సంఘాలు ప్రభుత్వాన్ని అడగాలి. అడిగేలోగా ఉన్న గడులనైనా సరిగా నింపించుకోవాలి.

ఒక శాతం చేసిన గాయం

2004 సెప్టెంబరులో 2001 నాటి మతాల లెక్క విడుదలైంది. ముస్లిం జనాభా పదేళ్ళలో 36 శాతం పెరిగిందని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. నిజానికి 1991లో జమ్మూ కాశ్మీర్‌లో జనగణనే జరగలేదు. అక్కడి ముస్లింలు పాత మొత్తంలో లేరు. 2001 మొత్తంలో ఉన్నారు. లేనివారితో ఉన్నవారిని పోల్చి తీసిన అంకె అది. ఒకే హద్దులతో పోల్చినప్పుడు పెరుగుదల 29 శాతం చిల్లరకు దిగింది. అంతకుముందు పదేళ్ళ కంటే అది తక్కువ. 2001, 2011 మధ్య మరింత తగ్గి 24.6 శాతమైంది. సవరణ కొద్ది రోజులకే వచ్చింది. కాని మొదటి శీర్షిక చదివినవారిలో ఎంతమంది సవరణ చదివారు? ఈ మధ్యకూడా ఆ 36 శాతాన్ని ఉపన్యాసాల్లో విన్నాము. లెక్కలు చదవడం వచ్చిన యువకులు ప్రతి బస్తీలో ఇద్దరైనా ఉంటే, అటువంటి మాటకు అక్కడికక్కడే మర్యాదగా జవాబివ్వవచ్చు.

రిజర్వేషన్ల విషయంలోనూ ఇదే కథ. 2004లోనూ 2005లోనూ ఐదు శాతం కోటాను హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ణయించిన పద్ధతి, అందుకు సేకరించిన సమాచారం తగినవి కావన్నది ప్రధాన అభ్యంతరాలలో ఒకటి. 2007లో 14 వర్గాలను పేర్కొని బి.సి.-ఇ కింద నాలుగు శాతం చట్టం చేశారు. 2010లో దానినీ హైకోర్టు కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. మన పిల్లల ఇంజనీరింగు, వైద్య విద్యా సీట్లు ఆ ఉత్తర్వు మీద నిలిచి ఉన్నాయి. అంకెలు లేనివాడి వాదన న్యాయస్థానంలో నిలవదు.

ఏ గడిలో ఏమి చెప్పాలి

కులం గడి గురించి చాలామంది అడుగుతున్నారు. ‘ఇస్లాంలో కులం లేదు కదా, ఎందుకు చెప్పాలి’ అని. ధర్మంలో ఎక్కువ తక్కువలు లేవన్నది మన విశ్వాసం. ఆ గడి అడిగేది విశ్వాసాన్ని కాదు, సమాజంలో మన స్థితిని. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి సర్వేలో ముస్లింలు 12.56 శాతం, అందులో వెనుకబడిన తరగతుల వారే 10.08 శాతం అని తేలింది. అంటే పదిమంది ముస్లింలలో ఎనిమిదిమంది బి.సి.లు. ఇంత పెద్ద నిజం, జవాబు చెప్పినందువల్లే బయటపడింది. దూదేకుల, మెహతర్, ఖురేషీ, ఫకీర్, అత్తరు సాయిబులు, ఎవరైనా సరే, తమ కుల ధ్రువపత్రంలో ఏ పేరుందో ఆ పేరే చెప్పాలి. లేనిది చెప్పుకోవద్దు, ఉన్నది దాచవద్దు.

భాష గడిలో మాతృభాష అడుగుతారు. ఇంట్లో తల్లి మాట్లాడిన భాష ఉర్దూ అయితే ఉర్దూ అని, తెలుగు అయితే తెలుగు అని చెప్పాలి. దూదేకుల సోదరులలో చాలామంది మాతృభాష తెలుగే. అందులో చిన్నతనం లేదు. కాని ఉర్దూ మాట్లాడే ఇంటివారు గణకుడు తెలుగులో పలకరించాడని తెలుగు అని వ్రాయించుకుంటే, రేపు ఉర్దూ మీడియం బడికి ఉపాధ్యాయుణ్ణి అడిగే ఆధారం పోతుంది.

పని గడి స్త్రీలది. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే, జరీ పని చేసే, బీడీలు చుట్టే సోదరి ‘ఖాళీగా ఉంది’ అని భర్తో మామో చెప్పేస్తారు. ఆర్నెల్లకు తక్కువ చేసినా పని పనే. దానికీ గడి ఉంది. ఆ సమయంలో జవాబు చెప్పవలసింది ఆ సోదరే. మరొక మాట: 1948 జనగణన చట్టం ప్రకారం, ఆచారం అడ్డువస్తే భర్త పేరు చెప్పమని ఏ స్త్రీనీ బలవంతపెట్టరాదు. ఆ మొహమాటంతో ఎవరూ తలుపు వేసుకోనవసరం లేదు.

ఇక విద్యార్థులు. 2011లో గణన జరిగిన రోజులన్నీ ఊరికి దూరంగా ఉన్నవారిని, వారు ఉన్నచోటే లెక్కించారు. ఊళ్ళో తల్లిదండ్రులు ‘వాడు పట్నంలో ఉన్నాడు’ అంటారు. ఇక్కడ గది యజమాని ‘వాడిది ఊరు’ అంటాడు. మధ్యలో అబ్బాయి ఎక్కడా లేకుండా పోతాడు. ఇల్లు లేనివారిని 2011లో ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. అప్పట్లో కొత్తపేట పండ్ల మార్కెట్‌లో పనిచేసి అక్కడే నిద్రించే కూలీలు ఎందరో ఉండేవారు. అటువంటివారు ఇప్పుడెక్కడ పడుకుంటున్నారో గణకునికి చూపించగలిగేది మనమే.

భయం గురించి

2019, 2020 సంవత్సరాల ఆందోళన తర్వాత మనవాళ్ళలో కాగితం అంటే భయం నాటుకుంది. దాన్ని తప్పుపట్టము. 2010లో ఇండ్ల జాబితాతోపాటే జాతీయ జనాభా పట్టిక వివరాలూ తీసుకోవడం ఈ గందరగోళానికి ఒక కారణం. ఆ పట్టిక పౌరసత్వ చట్టం కింద 2003లో చేసిన నియమాలకు చెందినది. జనగణన 1948 చట్టానికి చెందినది. జనగణనలో చెప్పిన వ్యక్తిగత వివరాలను ఎవరూ తనిఖీ చేయరాదని, సాక్ష్యంగా వాడరాదని ఆ చట్టం 15వ సెక్షన్ చెబుతున్నది. వివరాలు బయటపెట్టిన గణకునికి 11వ సెక్షన్ కింద శిక్ష ఉంది. గణకుడు వచ్చినప్పుడు ఏ పత్రమో, ఏ చట్టం కిందో అడిగి తెలుసుకోండి. అడగడం మన హక్కు. తెలుసుకున్నాక జవాబు చెప్పడం మన బాధ్యత. తలుపు వేసుకుంటే ప్రభుత్వం నష్టపోదు; పట్టికలో మన అంకె తగ్గుతుంది.

చేయవలసిన పని చిన్నదే. ప్రతి మసీదు కమిటీ తన బస్తీలోని ఇండ్లను ఒక నోటు పుస్తకంలో వ్రాసుకుని, గణకుడు ఏ ఇంటికి రాలేదో చూసి చార్జి అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. జుమా రోజు ఐదు నిమిషాలు గడుల గురించి చెప్పాలి. మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి సోదరీమణులకు వివరించాలి. ఫోనులో స్వీయ నమోదు చేసుకునే సౌకర్యం ఉందంటున్నారు. చదువుకున్న పిల్లలు పక్కింటి ముసలివారికి సాయపడాలి, వాళ్ళు చెప్పిందే వ్రాయాలి, సొంతంగా ఏదీ చేర్చకూడదు. ఇక్కడున్నవారిలో సగంమందికి యాచారంలోనో, దేవరకొండలోనో, కల్వకుర్తిలోనో ఊరుంది. ఈ రాత్రే ఊరికి ఒక ఫోను చేయండి. నగరంలో మనల్ని లెక్కపెట్టించడానికి పదిమంది ఉన్నారు. ఆ పదిహేను ఇండ్లకు మీరు తప్ప ఎవరూ లేరు.

 నోటు పుస్తకం ఎలా గీసుకోవాలో తెలుసుకోదలచినవారు ఇప్పుడే ముందుకు రండి, చూపిస్తాము.