కాగితం కూడా ఒక పనిముట్టే
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఏటా ఈ సభలో మా ఉపాధ్యాయులకు చదువుల గురించి మాట్లాడే అవకాశం ఇస్తున్నారు. ఈసారి బడిపిల్లల గురించి కాక, వాళ్ల తల్లిదండ్రుల పని గురించి మాట్లాడతామని కమిటీని అడిగాం. ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు. విషయం ఏమిటంటే, చిన్న పని చేసుకుని బతికేవారికి ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం, అందులో ఈ మధ్య వచ్చిన మార్పులు.

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు దేని గురించో మీకు తెలుసు. సూరె బఖరాలోని ఆ ఆయతు అప్పు రాసుకోవడం గురించి, రాసే మనిషి గురించి, సాక్షుల గురించి. లావాదేవీలకు కాగితం ఎంత అవసరమో మన దీన్ మనకు మొదటి నుంచీ నేర్పింది. అయినా మన వీధుల్లో మేస్త్రీకి నోటిమాటే ఒప్పందం, దర్జీకి చీటీయే బిల్లు.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో పనిచేసే ముస్లింలలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఉన్నారు. మన స్త్రీలలోనైతే అది 73 శాతం. అంటే మనలో ఎక్కువ ఇళ్లలో పొయ్యి వెలిగేది నెల జీతంతో కాదు, రోజు పనితో. దర్జీ, పెయింటరు, వెల్డరు, ఎలక్ట్రీషియను, కారు అద్దెకు తిప్పేవారు, భోజనాలు వండి పంపేవారు, వీళ్లే మన సమాజం. కానీ సర్టిఫికెట్ అనగానే మనకు గుర్తొచ్చేది కాలేజీ సీటు, ఉద్యోగం. పనిచేసుకునే మనిషికి కూడా ఒక సర్టిఫికెట్ ఉంటుందని చాలామందికి తెలియదు.

ఆ సర్టిఫికెట్ కథ ముందు చెప్పుకుందాం. 2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం వచ్చింది. అప్పట్లో నమోదు కోసం జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి మెమొరాండం ఇవ్వాలి. 2015లో ఉద్యోగ్ ఆధార్ వచ్చాక ఆన్‌లైన్‌లో ఒక పేజీ నింపితే సరిపోయింది. 2020 జులై 1 నుంచి దాని స్థానంలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. ఆధార్, పాన్ ఉంటే చాలు, కాగితాలేవీ జత చేయనక్కరలేదు, రుసుము లేదు. జీఎస్టీ నమోదు చట్టప్రకారం అవసరమైన వారికే ఆ నంబరు అడుగుతుంది. పాత ఉద్యోగ్ ఆధార్ కాగితాలకు 2022 జూన్ 30తో కాలం చెల్లింది. బీరువాలో అవి దాచుకున్నవారు ఇంటికి వెళ్లి ఒకసారి తీసి చూడండి. పాన్ కూడా లేని వారి కోసం 2023లో ఉద్యమ్ అసిస్ట్ అనే మరో దారి పెట్టారు. అయితే అది బ్యాంకు రుణానికి పనికొస్తుంది గానీ టెండరుకు పనికిరాదు.

ఇంతకూ ఈ కాగితంతో ఏమొస్తుంది? మూడు ముఖ్యమైన సంగతులు చెబుతాం.

మొదటిది కొనుగోళ్లలో వాటా. కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తాము కొనే వస్తువుల్లో, సేవల్లో కొంత భాగం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గరే కొనాలని 2012లో ఉత్తర్వు వచ్చింది. అప్పుడు 20 శాతం. 2018 నవంబరులో దాన్ని 25 శాతం చేశారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థల నుంచి, 3 శాతం మహిళల సంస్థల నుంచి కొనాలి. రైల్వే, తపాలా శాఖ, రామగుండం ఎన్‌టీపీసీ, విశాఖ హెచ్‌పీసీఎల్, ఇవన్నీ ఆ ఉత్తర్వు కిందికి వస్తాయి. వాటికి కర్టెన్లు కావాలి, యూనిఫారాలు కావాలి, అద్దె కార్లు కావాలి, గదులు శుభ్రం చేసేవారు కావాలి. మనవాళ్లు చేసే పనులే అవి.

రెండవది ధరావతు మినహాయింపు. టెండరు వేయాలంటే మామూలుగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం ఈఎండీ కట్టాలి. 10 లక్షల టెండరుకు 20 వేల నుంచి 50 వేలు ముందే పెట్టాలన్నమాట. పని దొరుకుతుందో లేదో తెలియకుండా అంత డబ్బు కట్టలేకే చిన్నవారు ఆగిపోతారు. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైన వారికి అది అక్కరలేదు. టెండరు ఫారం కూడా ఉచితం. పైగా అందరికన్నా తక్కువ ధర 100 రూపాయలు పడి, మన ధర 115 లోపు ఉంటే, ఆ 100కే ఇస్తామని ఒప్పుకుంటే ఆర్డరులో కనీసం నాలుగో వంతు మనకు ఇచ్చే వీలుంది.

మూడవది బాకీ వసూలు. ఇది ప్రభుత్వ పనులకే పరిమితం కాదు, ప్రైవేటు వారికి చేసిన పనికీ వర్తిస్తుంది. సరుకు ఇచ్చాక ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ కట్టాలని చట్టం చెబుతోంది. వడ్డీ మాట వినగానే మీలో కొందరికి సందేహం వస్తుంది. దాని సంగతి ఉలమాలను అడగండి. అసలు రాబట్టుకోవడానికైనా ఈ చట్టం మన చేతిలో ఉండాలి. 2017 నుంచి ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే ఇవ్వవచ్చు. అయితే ఒప్పందం కుదిరిన తర్వాత చేయించుకున్న నమోదు పాత బిల్లులకు పనికిరాదని సుప్రీంకోర్టు 2021లో, 2022లో చెప్పింది. 2025లో మరో బెంచి ఆ ప్రశ్నను పెద్ద బెంచికి పంపింది. కోర్టుల్లో అది తేలే దాకా ఎదురుచూడకుండా, పని ఒప్పుకోక ముందే నమోదు చేయించుకోవడం తెలివైన పని.

ఇక జాగ్రత్తగా వినవలసిన మాటలు. ఈ కాగితానికి హద్దులున్నాయి.

ఆ 25 శాతం వస్తువులకు, సేవలకు మాత్రమే. రోడ్డు, కాలువ, భవనం వంటి నిర్మాణ పనుల టెండర్లకు ఆ ఉత్తర్వు వర్తించదు. మన మేస్త్రీలు ఇది తెలియక నిరాశపడుతుంటారు. అలాగే కొని అమ్మే వ్యాపారులను 2021లో ఉద్యమ్‌లో చేర్చారు గానీ, వారికి బ్యాంకు రుణంలో ప్రాధాన్యం తప్ప మిగతా మేళ్లు లేవు. అందుకే ఫారంలో పని రకం ఎంచుకునే చోట జాగ్రత్త కావాలి. సొంతంగా బట్ట కుట్టే మనిషి పొరపాటున బట్టల వ్యాపారం అని నింపితే, టెండరు తలుపు, బాకీ వసూలు తలుపు రెండూ మూసుకుంటాయి. ఒక్క గడిలో పడే టిక్కు అది. తప్పు పడితే పోర్టల్‌లోనే సరిదిద్దుకోవచ్చు.

2025 ఏప్రిల్ 1న ఇంకో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు సూక్ష్మ సంస్థ అంటే పెట్టుబడి కోటి, టర్నోవరు 5 కోట్ల లోపు. ఇప్పుడు పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్ల దాకా సూక్ష్మమే. చిన్న సంస్థకైతే టర్నోవరు 50 కోట్ల నుంచి 100 కోట్లకు పెంచారు. ఎదుగుతున్నవారు మేళ్లు పోతాయని భయపడనక్కరలేదు కాబట్టి ఇది మంచిదే. కానీ రెండు మిషన్లతో కుట్టే మన చెల్లెలు, 90 కోట్ల వ్యాపారం చేసే కంపెనీ ఇప్పుడు అదే 25 శాతం కోసం పక్కపక్కన నిలబడ్డారు. బలహీనుల కోసం వేసిన వరుసలోకి బలవంతులు కూడా వచ్చి చేరితే, బలహీనులు ఇంకా ముందుగా, ఇంకా సిద్ధంగా రావాలి. మేము ఈ విషయం ఈ ఏడాదే చెప్పాలనుకోవడానికి కారణం ఇదే.

మరి మన రిజర్వేషను సంగతి ఏమిటని అడుగుతారు. 2007 చట్టంతో బీసీ-ఇ కింద 14 వర్గాల ముస్లింలకు 4 శాతం వచ్చింది. మన నూర్‌బాషా, దూదేకుల సోదరులు బీసీ-బిలో ఉన్నారు. అవి చదువుకు, రాష్ట్ర ఉద్యోగాలకు. కేంద్రం కొనుగోళ్లలో బీసీలకు గానీ మైనారిటీలకు గానీ వేరే వాటా లేదు. రాష్ట్రాల్లో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నామినేషను మీద ఇచ్చే పనుల్లో 50 శాతం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు అని చట్టం చేశారు. కర్ణాటకలో 2025 మార్చిలో 2-బి వర్గానికి, అంటే ముస్లింలకు, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో 4 శాతం ఇచ్చే బిల్లు శాసనసభలో నెగ్గింది. మతం ప్రాతిపదిక అని కొందరు, వెనుకబాటుతనం ప్రాతిపదిక అని కొందరు వాదించారు. గవర్నరు దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. అలాంటి వాదాలు పెద్దలు నడుపుతారు, నడపాలి. అవి తేలేలోగా మన ముందు ఇప్పటికే తెరిచి ఉన్న తలుపు ఒకటి ఉంది.

అది మహిళల తలుపు. ఆ 3 శాతంలో కులం అడగరు, మతం అడగరు. సొంత సంస్థ అయితే యజమాని స్త్రీ అయి ఉండాలి. భాగస్వామ్యమైతే స్త్రీల వాటా కనీసం 51 శాతం ఉండాలి. మన పనిచేసే స్త్రీలలో నూటికి 73 మంది స్వయం ఉపాధిలో ఉన్నారని మొదట చెప్పాం గదా. మనకు ఇంతగా సరిపోయే తలుపు మరొకటి లేదు.

కానీ ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా చెప్పాలి. భార్య పేరు మీద నమోదు చేయించి, ఫోను, ఓటీపీ, బ్యాంకు పాసుపుస్తకం భర్త జేబులో పెట్టుకుంటే అది చట్టం ముందు మోసం, అల్లాహ్ ముందు ఖియానత్. స్త్రీ సంపాదన ఆమె సొంతమని మన షరీఅత్ చెబుతుంది. హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హా సొంత వ్యాపారం నడిపిన ఇల్లాలు. ఆమెను ఆదర్శమని చెప్పుకునే ఇళ్లలో చెల్లెళ్ల పేరు మాత్రమే కాగితం మీద ఉండి, లెక్క ఇంకొకరి చేతిలో ఉండకూడదు. ఫోను ఆమెది కావాలి, ఖాతా ఆమెది కావాలి, టెండరులో ఏముందో ఆమెకు చదివి చెప్పాలి.

సంఘానికి మా మనవి నాలుగు మాటల్లో చెప్పి ముగిస్తాం.

ఒకటి, మన సంఘం జకాత్ నిధి నుంచి కుట్టుమిషను ఇచ్చే ప్రతి సోదరికీ అదే రోజు ఉద్యమ్ నమోదు కూడా చేయించి ఇద్దాం. మిషను ఒక పనిముట్టు, కాగితం ఇంకో పనిముట్టు.

రెండు, నెలకు ఒక శుక్రవారం జుమా తర్వాత షాదీఖానాలో ఒక బల్ల వేద్దాం. డిగ్రీ చదివే మన పిల్లలు ఇద్దరు కంప్యూటరుతో కూర్చుంటారు. వాళ్లకు ఫారం నేర్పే బాధ్యత మా ఉపాధ్యాయులది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్ తప్ప వేరేదీ తెరవవద్దని మొదటి పాఠం చెబుతాం. అలాంటి పేర్లతోనే కొన్ని ప్రైవేటు సైట్లు ఉచితమైన పనికి వేలు గుంజుతున్నాయి.

మూడు, ఒక్కతే కుట్టి 500 కర్టెన్లు ఇవ్వలేదు. అయిదారుగురు చెల్లెళ్లు భాగస్వామ్య సంస్థగా కలిస్తే ఇవ్వగలరు. భాగస్వామ్య పత్రం రాయించే ఖర్చు సంఘం భరించాలి. ఆ తర్వాత ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో వాళ్ల పేరు ఎక్కిద్దాం. 2016 నుంచి నడుస్తున్న ఆ బజారులో మన ఊరి పేరు కూడా కనబడాలి.

నాలుగు, ప్రతి ఏడాదీ ఈ సంచికలో విద్యార్థి వేతనాల లెక్కతో పాటు ఈ లెక్క కూడా అచ్చు వేద్దాం. ఎంతమందికి కాగితం చేయించాం, ఎంతమందికి ఆర్డరు వచ్చింది, ఎవరి బాకీ వసూలైంది. లెక్క రాసుకుంటేనే పని ముందుకు పోతుంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. సర్కారు అసలే అమ్మ కాదు. అడగడానికి ఒక భాష ఉంది, ఒక ఫారం ఉంది, ఒక గడువు ఉంది. చదువు చెప్పేవాళ్లుగా ఆ భాష నేర్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం. నేర్చుకోవడానికి మీరు రండి.

మన చేతుల పనిలో అల్లాహ్ బరకత్ ప్రసాదించాలని, మన సంపాదనను హలాల్‌గా ఉంచాలని, ఈ సంఘానికి చేయూతనిచ్చిన దాతలకు ఇహపరాల్లో మేలు చేయాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాం.