హామీ లేనివాడికి అప్పు ఎవరిస్తారు?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు వేదికపై ఉన్నారు. నన్ను ఏదైనా లోక విషయం మాట్లాడమన్నారు కనుక ఒక ప్రశ్నతో మీ ముందుకు వచ్చాను.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనం వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తూంటాం. అలా వచ్చినవారి నోట ఒక మాట తరచు వింటూంటాను. "మన పిల్లలు నిన్న వెళ్ళి ఇవాళ కంపెనీలు పెట్టారు. నల్లవాళ్ళు నాలుగు వందల ఏళ్ళ నుంచీ అక్కడే ఉన్నారు గదా, ఎందుకు పైకి రాలేదండీ?" అని. వెంటనే పక్కనున్న వారొకరు, "కష్టపడరు, దాచుకోరు" అని తీర్పు చెప్పేస్తారు. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో చూద్దాం.

ముందు లెక్కలు చెప్తాను. అమెరికా జనాభాలో నల్లజాతివారు నూటికి సుమారు 14 మంది. అయితే జీతగాళ్ళను పెట్టుకుని నడిచే వ్యాపారాలలో వారి చేతిలో ఉన్నవి, 2022 సంవత్సరపు ప్రభుత్వ లెక్కల ప్రకారం, నూటికి సుమారు 3 మాత్రమే.

దాచుకోలేదా అంటే, దాచుకున్నారు. 1865లో, బానిసత్వం రద్దయిన ఏడాదే, విడుదలైన వారి కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు ఏర్పడింది. దాని చట్టం మీద సంతకం చేసినవారు అధ్యక్షుడు లింకన్. కూలి చేసి తెచ్చిన చిల్లరంతా అందులో వేశారు. మనకు పోస్టాఫీసు పాసుపుస్తకం మీద ఎంత నమ్మకమో, వారికి ఆ బ్యాంకు మీద అంత నమ్మకం. నడిపే పెద్దలు ఆ సొమ్మును సరైన హామీలు చూడకుండా పెద్ద పెద్దవారికి అప్పులిచ్చారు. 1874లో బ్యాంకు మూతపడింది. సుమారు 61 వేల మంది ఖాతాదారుల సొమ్ము, దాదాపు 30 లక్షల డాలర్లు, ఇరుక్కుపోయింది. చాలామందికి పైసా తిరిగి రాలేదు.

అయినా పొదుపు మానలేదు. చాకలి పని చేసి బతికిన ఒక తల్లి బిడ్డ మేగీ వాకర్, 1903లో రిచ్‌మండ్ నగరంలో పెన్నీ సేవింగ్స్ బ్యాంకు స్థాపించింది. పెన్నీ అంటే మన పైసా వంటిది. పైసా పైసా కూడబెట్టిన బ్యాంకన్నమాట.

కష్టపడలేదా అంటే, కష్టపడ్డారు. టల్సా నగరంలో గ్రీన్‌వుడ్ అనే పేటలో హోటళ్ళు, సినిమాహాళ్ళు, దుకాణాలు, డాక్టర్ల ఆఫీసులు అన్నీ నల్లవారివే. 1921 మే 31, జూన్ 1 తేదీలలో తెల్లవారి మూకలు వచ్చి 35 వీధి బ్లాకులు తగలబెట్టాయి. వెయ్యికి పైగా ఇళ్ళు కాలిపోయాయి. ఇన్సూరెన్సుకు దరఖాస్తు పెడితే, అల్లర్లలో జరిగిన నష్టానికి మా బాధ్యత లేదన్నాయి కంపెనీలు.

తరువాత చేతిలో కాగడా లేకుండానే కాగితంతో పని జరిగింది. 1930లలో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాల పటాలు తయారుచేసి, అప్పుకు ప్రమాదకరమైన పేటలకు ఎర్రరంగు వేసింది. నల్లవారున్న పేటలన్నీ దాదాపు ఎరుపే. ఇళ్ళ రుణాలకు ప్రభుత్వ హామీ కూడా అక్కడ దొరకలేదు. ఇళ్ళ విషయంలో ఈ వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది 1968లో. అప్పు ఇచ్చేటప్పుడు జాతి చూడరాదని చట్టంలో చేరింది 1976లో. ఆనాటికి మనలో చాలామందికి ఉద్యోగాలు కూడా వచ్చేశాయి. అంటే ఇది పురాణకాలపు కథ కాదు.

ఇల్లు లేకపోతే వ్యాపారానికేమిటి అని మీరడగవచ్చు. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉండగా సాల్వెన్సీ సర్టిఫికెట్ల ఫైళ్ళు చూసేవాడిని. దరఖాస్తుదారు తెలివిగలవాడా, నిజాయితీపరుడా అన్న కాలమ్ అందులో లేదు. భూమి ఎంత, ఇల్లు ఎంత విలువ చేస్తుంది, అంతే. అక్కడా అదే. ఇల్లు తాకట్టు పెట్టి కొట్టు తెరుస్తారు, కొట్టు లాభంతో మరో ఇల్లు కొంటారు. తాతకు ఇల్లు రానివ్వకపోతే మనవడికి కొట్టు ఉండదు. 2022లో అమెరికా కేంద్ర బ్యాంకు సర్వే ప్రకారం, తెల్లవారిలో మధ్యస్థ కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లవారిలో 44,900 డాలర్లు. ఆరింట ఒక వంతు!

ఈ నష్టం నల్లవారిది మాత్రమేనా? కాదు. సిటీ గ్రూపు అనే పెద్ద బ్యాంకు 2020లో లెక్కకట్టింది. వివక్ష వల్ల ఇరవై ఏళ్ళలో అమెరికా ఆర్థిక వ్యవస్థకు 16 లక్షల కోట్ల డాలర్లు నష్టమని, అందులో 13 లక్షల కోట్లు నల్లజాతి వ్యాపారులకు న్యాయంగా అప్పు పుట్టకపోవడం వల్లనేనని తేల్చింది. పుట్టని కొట్టులో ఉద్యోగం ఏ జాతివాడికీ దొరకదు, పన్ను ఏ ఖజానాకూ చేరదు.

లీసా కుక్ అనే ఆర్థికవేత్త పేటెంట్ల రికార్డులు తిరగేసి, 1870 నుంచి 1940 వరకు జరిగిన హింస వల్ల నల్లవారి నుంచి రావలసిన 1,100కు పైగా పేటెంట్లు రాకుండా పోయాయని 2014లో ప్రచురించారు. వచ్చినవాటి గతి కూడా వినండి. పొగలో ఊపిరి ఆడే ముసుగును కనిపెట్టిన గారెట్ మోర్గాన్, దాన్ని అమ్ముకోవడానికి ఒక తెల్లవాణ్ణి కుదుర్చుకుని, అతడే కనిపెట్టినట్లు నటింపజేసి, తాను సహాయకుడి వేషం వేశాడు. ఆ ముసుగు కాపాడేది మంటల్లో చిక్కిన మనుషులను!

ఇక మన పిల్లల మాట. వారి తెలివిని, శ్రమను నేను తక్కువ చేయడం లేదు. కాని వారు మన ఊళ్ళనుంచి ఏరి తీసుకోబడిన చదువరులు. ఆ చదువులో మన ప్రభుత్వ కళాశాలల వాటా ఉంది. వారికి తలుపు తెరిచిన 1965 నాటి వలస చట్టం, నల్లవారి పౌరహక్కుల ఉద్యమం గెలిచిన రోజుల్లోనే వచ్చింది. ప్రభుత్వ కాంట్రాక్టులలో వెనుకబడిన వర్గాలకు ఇచ్చే అవకాశాల జాబితాలో 1982లో భారతీయులను కూడా చేర్చారు. జాతి పేరుతో అర్హత ఇవ్వరాదని 2023లో ఒక కోర్టు చెప్పేవరకు అది నడిచింది. దెబ్బలు తిని బాట వేసినవారు వారు, ఆ బాటన నడిచినవారిలో మనవారూ ఉన్నారు.

కనుక పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈసారి మనవళ్ళ ముందు కూర్చున్నప్పుడు "వాళ్ళు దాచుకోరు" అన్న మాట మన నోట రాకూడదు. ఆ మాట పిల్లలు నేర్చుకుంటే, రేపు బ్యాంకులోనో కంపెనీలోనో వారి బల్ల ముందుకు ఒక నల్లజాతి యువకుడి దరఖాస్తు వచ్చినప్పుడు, దాన్ని మన మాటలతోనే చదువుతారు. మన ఊళ్ళో కూడా పూచీ దొరకక ఆగిపోయిన దరఖాస్తులు ఏ పేటల నుంచి ఎక్కువ వచ్చేవో ఈ హాలులోని రెవెన్యూ మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.