మట్టి పలకల గుమాస్తాలు
(పెన్షనర్ల దినోత్సవం నాడు పిల్లల కోసం చేసిన ప్రసంగం)

తాతయ్యల వెంట వచ్చిన పిల్లలకు ప్రాచీన నాగరికతల గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. నేను పండితుణ్ణి కాను, గుమాస్తాను. కాబట్టి గుమాస్తాల సంగతే చెబుతాను.

పిల్లలూ, రాత మొదట ఎందుకు పుట్టిందనుకున్నారు? కథల కోసమా? కాదర్రా, లెక్కల కోసం! ప్రస్తుతం ఇరాక్ అంటున్న దేశంలో పూర్వం సుమేరియన్లు ఉండేవారు. అక్కడి ఉరుక్ పట్టణంలో సుమారు 5,200 ఏళ్ల నాటి మట్టి పలకలు దొరికాయి. ఎంత బార్లీ వచ్చింది, ఎన్ని గొర్రెలున్నాయి, పనివాళ్లకు ఎన్ని గింజలు కొలిచారు – వాటిలో ఎక్కువ భాగం ఇవే. పచ్చి మట్టి మీద రెల్లు పుల్లతో నొక్కి రాసేవారు. వాళ్లు అరవైల లెక్కన లెక్కించేవారు. మీ గడియారంలో గంటకు 60 నిమిషాలు ఆ లెక్క నుంచి వచ్చినవే. (మన ప్రభవాది అరవై సంవత్సరాలను దీనితో ముడిపెట్టకండి, అది బృహస్పతి లెక్క.)

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. తరువాతి కాలంలో, ముఖ్యమైన ఒప్పందమైతే, రాసిన పలకను మరో మట్టి పొరలో పెట్టి మూసేవారు. పైన కూడా అదే విషయం రాసి, ముద్రలు వేసేవారు. తగవు వస్తే పై పొర పగలగొట్టి లోపలి రాతతో సరిచూడవచ్చు.

ఈ రెండో రాత విలువ నాకు 2008లో, రిటైరయ్యాక తెలిసింది. నా సర్వీసు రిజిస్టరులో రెండేళ్ల మూడు నెలల పేజీలు లేవు. ఆ కాలం లెక్కలోకి రాదని కొర్రీ వేసి, పెన్షను కాగితాలు తిప్పి పంపారు. ముప్పై మందికి సర్వీసు రిజిస్టర్లు రాసిపెట్టినవాణ్ణి, నాది చూసుకోలేదు! పదకొండు నెలలు ప్రొవిజినల్ పెన్షనుతో గడిపాం. మా ఇంటావిడ గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టాం.

చివరకు నేను పూర్వం పనిచేసిన ఆఫీసుకు బస్సులో వెళ్లాను. అక్కడి రికార్డు అసిస్టెంటు, నా కొడుకు వయసువాడు, రెండు రోజులు దుమ్ములో కూర్చుని ఆనాటి అక్విటెన్సు రిజిస్టర్లు వెతికాడు. జీతం తీసుకున్న ప్రతి నెలా రెవిన్యూ స్టాంపు మీద నా సంతకం ఉంది. ఇరవై ఏడు నెలలు, ఇరవై ఏడు సంతకాలు!

గాజులు ఇంటికొచ్చాయి. ఆ పేజీల నకళ్లు ఒక సెట్టు నా ట్రంకు పెట్టెలో, మరొకటి మా అమ్మాయి ఇంట్లో ఉన్నాయి.