చేతిలోని నీలి ఉబ్బులు

కొందరు పిల్లలకు పుట్టుకనుండియే అరచేతిలోనో వ్రేళ్లలోనో నీలిరంగు గల మెత్తని ఉబ్బు కానవచ్చును. చేయి వ్రేలాడదీసిన అది పెరుగును, పైకెత్తిన తగ్గును, నొక్కిన అణగి, విడిచిన మరల నిండును. చెడు రక్తము చేరిన గడ్డ యని తలచి దానిని కోయించుటకు పోవు తల్లిదండ్రులను మేము చూచితిమి. అట్లు ఎన్నడును చేయరాదు.

ఇది చీముగడ్డ కాదు, కాన్సరును కాదు. గర్భమందు సిరలు ఏర్పడునప్పుడు వాని గోడలు పలుచబడి, రక్తము నిలుచు సంచులుగా మారుటయే దీనికి మూలము. పసిబిడ్డలకు వచ్చు ఎర్రని రక్తపు కంతి తొలి నెలలలో వేగముగ పెరిగి, పిదప తనంతట తగ్గును. సిరల వికారము తగ్గదు; బిడ్డతోపాటే పెరుగును. ఈ భేదమును 1982లో మల్లికెన్, గ్లొవాకీ అను అమెరికా పరిశోధకులు స్పష్టపరచిరి.

నొప్పి గాని, పట్టు తప్పుట గాని లేనిచో శస్త్రము అవసరము లేదు. బాధ యున్నచో ఎం.ఆర్.ఐ. పరీక్షతో దాని వ్యాప్తి తెలిసికొందుము. ఒకచోట నిలిచిన దానిని పూర్తిగ తీయవచ్చును. విస్తరించినదానికి సిరలను ముడుచుకొనజేయు మందును సూదిద్వారా ఎక్కింతురు.

శస్త్రసమయమున దండచేతికి పట్టీ బిగించి రక్తప్రవాహమును ఆపుదుము. కాని చేతిలోని రక్తమును పూర్తిగ పిండివేయము. పిండిన ఆ సిరలు ముడుచుకొని కంటికి ఆనవు. ప్రతి వ్రేలికిని ఇరుప్రక్కల నొక్కొక్క ధమని, స్పర్శనరము కలవు. కావున సాధారణముగ నొకసారి ఒక ప్రక్కనే కోయుదుము.

ఒక బాలిక కుడి చూపుడువ్రేలికి ఇట్లే చేసితిమి. “అంతయు తీసివేసితిరా?” అని తండ్రి అడిగెను. “లేదండీ, నరమును చుట్టుకొన్న భాగమును విడిచితిమి, అది మరల పెరుగవచ్చును” అంటిమి. ఆయన ముఖము చిన్నబోయెను. కొన్ని వారములకు ఆ బాలిక మా యెదుట కలము పట్టి తన పేరు వ్రాసెను. అప్పుడాయనకు మా మాట బోధపడెను.

శస్త్రము పిదప చేయి ఎత్తుగ నుంచవలెను. వైద్యుడు చెప్పిన నాటినుండి వ్రేళ్లను కదలించుచుండవలెను. ఎంత తీసితిమన్నది గాక, చేయి ఎంత పనికివచ్చెనన్నదే మాకు లెక్క.