పొలమారిన మందు



అన్నము తినుచుండగా పొలమారినచో, “ఎవరో తలచుకొన్నారు” అని పెద్దలు మాడుపై తట్టుట మన ఇండ్లలో పరిపాటి. అన్ననాళమునకు పోవలసినది శ్వాసనాళపు ద్వారమును తాకగా, దగ్గు దానిని వెలికి నెట్టును. ఆ దగ్గే దేహమునకు కావలివాడు.

పక్షవాతము వచ్చినవారికి, కంఠమున వ్రణము గలవారికి, మిక్కిలి వృద్ధులకు ఈ కావలి సడలును. విశాఖపట్టణ ప్రాంతమున చుట్ట వెలిగించిన కొనను నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ అలవాటు స్త్రీలలో విస్తారముగా నుండెడిది. దానివలన అంగిటికి పుట్టు క్యాన్సరును గూర్చి ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు 1950 దశకముననే వ్రాసిరి. అట్టి రోగులకును మ్రింగుట కష్టమగును.

లోపమెచ్చటనో తెలియుటకు ఎక్స్‌రే కావలెను. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఆ కిరణములతో ఎముక కనబడును గాని, మెత్తని కంఠమార్గము తేటపడదు. అందుచే సుద్దనీళ్లవలె నుండు బేరియం సల్ఫేటును త్రాగించి చిత్రము తీయుదురు. చిక్కేమనగా, మ్రింగలేనివారికే ఈ పరీక్ష. ఆ మందు ఊపిరితిత్తులలోనికి జారు భయమును వారికే.

బేరియం సల్ఫేటు నీట కరగదు; కొద్దిగా జారినచో సాధారణముగా దగ్గుతో వెలువడును. అధికముగా జారినచో ఊపిరాడక ప్రాణాపాయము కలుగవచ్చును. అన్ననాళమునకు చిల్లు పడినదను అనుమానమున్నచో దానికి బదులు నీట కరగు అయోడిన్ ద్రవము నిత్తురు. కాని అందు మిక్కిలి గాఢమైనవి ఊపిరితిత్తులలో పడినచో, చుట్టునున్న నీటిని లోనికి లాగి వానిని ముంచివేయును. కావున జారు భయమున్నచోట గాఢత తక్కువైన ద్రవము నెన్నుకొందురు. రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, తొలుత చెంచాడు మాత్రమే ఇచ్చి చూతురు.

కొందరికి జారినను దగ్గు రాదు. దగ్గలేదు గనుక చక్కగా త్రాగినాడని ఇంటివారు సంతసింతురు. అదియే మోసము. నీరు త్రాగిన పిదప గొంతు గరగరలాడుచున్నదా, మాటిమాటికి జ్వరము, ఆయాసము వచ్చుచున్నవా అనునది రోగి ప్రక్కన నుండువారికే తెలియును. 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రికైనను, వేరొక ఆసుపత్రికైనను రోగిని గొనిపోవువారు ఈ మాటను పరీక్షకు ముందే వైద్యునికి చెప్పవలెను. పరీక్ష పిమ్మట ఆయాసము, జ్వరము కనిపించినచో తడయక మరల చూపవలెను.

పొలమారినపుడు తలచుకొన్నవారెవరో తెలియకున్నను నష్టము లేదు. పొలమారవలసినపుడు పొలమారనివానిని మాత్రము దగ్గరివారు కనిపెట్టి యుండవలెను.